సెట్టింగ్ తీసుకోవట్లేదంటే

జగ్గయ్యపేట పక్కన ధనంబోడు మీద ఒక బౌద్ధ స్తూపం శిథిలాలున్నాయి. 1882లో జేమ్స్ బర్జెస్ దాన్ని సర్వే చేసి, అయిదేళ్ల తర్వాత అమరావతి స్తూపంతో కలిపి పుస్తకంగా అచ్చువేశాడు. తూర్పు వాకిట నిలిపిన ఆయక స్తంభాల మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఒకే సంగతిని మూడుచోట్ల చెక్కారు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి పాలనలో 20వ ఏట, వానాకాలం 8వ పక్షం, 10వ రోజున, కమ్మకరఠానికి చెందిన శిల్పి నాగచంద్రుడి కొడుకు, తానూ శిల్పి అయిన సిద్ధార్థుడు, వెలగిరిలోని మహాచైత్యానికి అయిదు ఆయక స్తంభాలు నిలిపాడు. ముఖ్య విషయం అదే. ఎప్పుడు, ఎవరు, ఎక్కడివాడు, ఎక్కడ, ఏం చేశాడు అన్నవన్నీ ఆ కాస్త చోటులోనే ఉన్నాయి. కంప్యూటర్ల వాళ్లు లాగ్ అనే దానికి ఇంతకంటే మంచి నమూనా దొరకదు. ఇప్పటి లాగ్ ఫైళ్లలో చాలావాటికి ఈపాటి పొందిక ఉండదు, పైగా ఇక్కడ మూడు కాపీలు కూడా ఉన్నాయి. సిద్ధార్థుడికి ఉన్న ఇంకో వీలు మన కంప్యూటర్లకు లేదు. ఏ స్తంభాన్ని నిలిపాడో ఆ స్తంభం మీదే రాయించాడు. రాయి నిలిచినంత కాలం రాత నిలిచింది. కొత్త కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టమ్ వేసే ఇన్‌స్టాలర్ పరిస్థితి దీనికి తలకిందులు. తాను కడుతున్న ఇల్లు ఇంకా లేదు, తాను నిలబడిన పరంజా కాసేపట్లో ఊడిపోతుంది. రాసిందంతా ఆ పరంజా మీదే రాసుకోవాలి.

ఒక కాలేజీ ల్యాబులో అరవై కంప్యూటర్లున్నాయనుకుందాం. వేసవి సెలవుల్లో వాటన్నిటికీ ఫార్మాట్ కొట్టి కొత్తగా ఓఎస్ వేయాలి. ఒక్కోదానికీ పెన్‌డ్రైవ్ పెట్టి, భాష ఏది, డిస్కును ఎలా విడగొట్టాలి, పాస్‌వర్డ్ ఏమిటి అని అడిగిన ప్రతిదానికీ చేత్తో జవాబిస్తూ కూర్చుంటే రోజులు పడతాయి. అందుకే జవాబులన్నీ ముందే ఒక ఫైలులో రాసి పెట్టుకుంటారు. రెడ్‌హ్యాట్ కుటుంబంలో దాన్ని కిక్‌స్టార్ట్ అంటారు, డెబియన్‌లో ప్రీసీడ్ అంటారు, విండోస్‌లో అన్‌అటెండ్ ఫైలు. కంప్యూటరును నెట్‌వర్క్ నుంచి బూట్ చేస్తే ఇన్‌స్టాలర్ ఆ ఫైలును తెచ్చుకుని, తనను తానే ప్రశ్నించుకుని తానే జవాబు చెప్పుకుంటుంది. అరవైలో యాభై ఏడు బాగా వస్తాయి, మూడు మధ్యలో ఆగిపోతాయి. ఎందుకు ఆగాయో తెలియడానికి అదే ఫైలులో లాగింగ్ గురించి నాలుగు మాటలు రాశారు: ప్రతి వివరమూ రాయి, ఫలానా సర్వరుకు పంపు అని. సర్వరు దగ్గర చూస్తే ఏమీ లేదు. అప్పుడు ల్యాబు నిర్వాహకుడి నోట వచ్చే మాట ఒకటే: సెట్టింగ్ తీసుకోవట్లేదు.

తెలుగులో ఈ మాటకు ఒక సుగుణం ఉంది. పట్టించుకోలేదు అంటే మొండితనం ధ్వనిస్తుంది, విని కూడా వినలేదన్నట్టు. తీసుకోలేదు అంటే ఇంకో ప్రశ్నకు వాకిలి తెరుచుకుంటుంది. తీసుకోవాల్సింది ఎవరు? ఇచ్చిన వేళకు వాళ్లు అక్కడ ఉన్నారా? ఇచ్చింది వాళ్ల చేతికి అందిందా? ఆటోమేటిక్ ఇన్‌స్టలేషన్‌లో లాగింగ్ సెట్టింగ్ పని చేయలేదని అనిపించే సందర్భాల్లో ఎక్కువ భాగం ఈ ప్రశ్నల దగ్గరే తేలిపోతాయన్నది ఈ వ్యాసం వాదన. అక్కడ ధిక్కారం ఏమీ ఉండదు. చీటీ వేరేవాళ్లకు వెళ్లి ఉంటుంది, లేదా ఆలస్యంగా వెళ్లి ఉంటుంది, లేదా చీటీలో రాసిన మాటకు మనం అనుకున్న అర్థం లేదు.

దీన్ని కృష్ణా మెట్టలో అర్థం చేయించడం సులువు. నందిగామ, జగ్గయ్యపేట వైపు పొలాలకు నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు నల్లగొండ, ఖమ్మం దాటుకుని వస్తాయి. మూడో జోను అని పేరు. డ్యామ్ దగ్గర గేట్లు ఎత్తారన్న వార్త పేపర్లో చదివిన రోజునే చివరి భూముల్లో తడి కనిపించదు. మెయిన్ కాలువ నుంచి మేజరుకు, మేజరు నుంచి మైనరుకు, మైనరు నుంచి తూముకు, తూము నుంచి పంట బోదెకు నీరు చేతులు మారుతూ రావాలి. ఎక్కడో ఒకచోట షట్టరు దించి ఉంటే పైన ఎంత ఎత్తినా కింద మడి ఎండే ఉంటుంది. అప్పుడు అనుభవమున్న రైతు డ్యామును తిట్టుకుంటూ కూర్చోడు. గట్టు పట్టుకుని పైకి నడుస్తాడు, నీళ్లు ఏ తూము దాకా వచ్చాయో చూస్తాడు, లస్కరును అడుగుతాడు. ఇన్‌స్టలేషన్ కూడా ఇలా చేతులు మారే వ్యవహారమే. ముందు మదర్‌బోర్డు మీది ఫర్మ్‌వేర్ లేస్తుంది. అది పీఎక్స్‌ఈ పద్ధతిలో డీహెచ్‌సీపీని అడిగి చిరునామా తీసుకుని, బూట్ లోడరును దింపుకుంటుంది. బూట్ లోడర్ కెర్నెల్‌ను, దానితోపాటు ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న తాత్కాలిక వ్యవస్థను మెమరీలోకి ఎక్కిస్తుంది. ఆ తాత్కాలిక వ్యవస్థ నెట్‌వర్క్ సంపాదించి అసలు ఇన్‌స్టాలరును పిలుస్తుంది. ఇన్‌స్టాలర్ డిస్కును విడగొట్టి, కొత్త సిస్టమ్‌ను పరిచి, చివర్లో ఆ కొత్త సిస్టమ్ లోపలికి అడుగుపెట్టి కొన్ని సర్దుబాట్లు చేస్తుంది. రీబూట్ అయ్యాక ఆ కొత్త సిస్టమ్ మొదటిసారి తన కాళ్ల మీద నిలబడుతుంది. మనకు ఒకే నీలి తెర, ఒకే పర్సెంటు గీత కనిపిస్తాయి. వెనక ఉన్నవాళ్లు అయిదారుగురు. ప్రతి ఒక్కరికీ వేరే చెవులు, వేరే నోట్‌బుక్.

ఆలస్యం సంగతి డెబియన్ దగ్గర బాగా తెలుస్తుంది. డెబియన్ ఇన్‌స్టాలర్ తెలుగులో కూడా నడుస్తుంది, హైదరాబాదులోని స్వేచ్ఛ బృందం తెలుగులోకి తెచ్చిన లినక్స్ కూడా ఆ కుటుంబంలోదే. ప్రీసీడ్ ఫైలులో భాష తెలుగు అని రాసి, ఆ ఫైలును నెట్‌వర్క్ నుంచి తెచ్చుకునేలా పెడితే, ఇన్‌స్టాలర్ అయినా సరే భాష ఏమిటని అడుగుతుంది. చూసినవాళ్లు ఫైలు తీసుకోలేదనుకుంటారు. జరిగింది అది కాదు. భాష, దేశం, కీబోర్డు ప్రశ్నలు నెట్‌వర్క్ రాకముందే వస్తాయి. ఫైలు చేరేసరికి ఆ ప్రశ్నల ఘట్టం ముగిసిపోయి ఉంటుంది. ఈ సంగతిని డెబియన్ తన మార్గదర్శినిలోనే చెబుతుంది, మందు కూడా చెబుతుంది: ఆటో అనే మాటను బూట్ వరుసలో ఇస్తే ఆ ప్రశ్నలను ఫైలు వచ్చేదాకా వాయిదా వేస్తుంది. లాగింగ్‌కు ఇదే తర్కం ఇంకా గట్టిగా వర్తిస్తుంది. లాగ్‌లను వేరే సర్వరుకు పంపమనడానికి డెబియన్ ఇన్‌స్టాలరులో లాగ్‌హోస్ట్, లాగ్‌పోర్ట్ అని రెండు మాటలున్నాయి. వాటి చోటు బూట్ వరుస. లాగ్ రాసే చిన్న ప్రోగ్రాము ఇన్‌స్టాలర్ లేచిన క్షణాల్లోనే మొదలవుతుంది కాబట్టి, దానికి చెప్పాల్సినవి అప్పటికే చెప్పి ఉండాలి. తర్వాత ఎప్పుడో వచ్చే ప్రీసీడ్ ఫైలులో అదే మాట రాస్తే అది పెళ్లి అయిపోయాక అందిన శుభలేఖ.

విండోస్ లోకంలో ఈ ఆలస్యానికి జంటగా పాతబడిన నకలు అనే ఇంకో చిక్కు ఉంది. మైక్రోసాఫ్ట్ డిప్లాయ్‌మెంట్ టూల్‌కిట్‌తో ఎన్నో సంస్థలు ఏళ్లపాటు ఓఎస్‌లు వేశాయి. అందులో నియమాలు రాసే ఫైళ్లు రెండు. కస్టమ్‌సెట్టింగ్స్ అనేది సర్వరు మీది షేరులో ఉంటుంది, ప్రతి ఇన్‌స్టలేషన్‌లోనూ అక్కడి నుంచి తాజాగా చదువుతారు. బూట్‌స్ట్రాప్ అనేది బూట్ ఇమేజ్ లోపల పొదిగి ఉంటుంది. బూట్‌స్ట్రాప్‌ను షేరులో తెరిచి మార్చి సేవ్ చేసినా, బూట్ ఇమేజ్‌ను మళ్లీ తయారు చేసి కొత్తది వాడేదాకా పాత మాటే నడుస్తుంది. మనం చూస్తున్నది కొత్త ఫైలు, మిషన్ చదువుతున్నది గత నెల నకలు. దీనికి తోడు ఆ టూల్‌కిట్‌లో ఒక విలువను ముందు ఎవరు చెబితే వాళ్ల మాటే చెల్లుతుంది, తర్వాత వచ్చిన మాట దాన్ని చెరపలేదు. లినక్స్‌లో లాగ్‌లు దాచే సిస్టమ్‌డీ జర్నల్ సెట్టింగుల ముక్కల ఫైళ్లకు తిరుగు నియమం, అక్షర క్రమంలో చివర వచ్చినదే గెలుస్తుంది. ఒక ఊరి పంచాయతీ అలవాటుతో ఇంకో ఊరికి వెళ్లినవాడికి రెండుచోట్లా అన్యాయం జరిగినట్టే ఉంటుంది.

ఇక చీటీలో మాటకు మనం అనుకున్న అర్థం లేకపోవడం. నన్నడిగితే మూడింటిలోకీ ఇదే గడుసుది, ఎందుకంటే ఇక్కడ సెట్టింగ్ పూర్తిగా పని చేస్తూనే పని చేయనట్టు కనిపిస్తుంది. కిక్‌స్టార్ట్‌లో లాగింగ్ అని ఒక ఆజ్ఞ ఉంది. దానికి హోస్ట్, పోర్టు, లెవెల్ అని మూడు తోకలు. లాగ్‌లు రాసే పాత పద్ధతి అయిన సిస్లాగ్ సంప్రదాయంలో తీవ్రతకు 0 నుంచి 7 దాకా ఎనిమిది మెట్లున్నాయి, 0 అంటే ఎమర్జెన్సీ, 7 అంటే డీబగ్. లెవెల్ అన్నచోట ఎర్రర్ అని రాస్తే ఫైలులో ఎర్రర్లు మాత్రమే ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. తెరిచి చూస్తే ఫైలు నిండా చిల్లర వివరాలు. సెట్టింగ్ తీసుకోలేదు! రెడ్‌హ్యాట్ డాక్యుమెంటేషన్ నెమ్మదిగా చదివితే, ఆ లెవెల్ మూడో టెర్మినల్ తెర మీద కనిపించే వరుసలకే అని, ఫైలులోకి అన్ని స్థాయిల వరుసలూ పోతాయని రాసి ఉంటుంది. కొత్త వెర్షన్లలో ఆ తోకనే పక్కన పెట్టారు. కెర్నెల్‌కు ఇచ్చే లాగ్‌లెవెల్, క్వైట్ అన్న మాటలదీ ఇదే కథ: అవి కన్సోల్ నోరు మూస్తాయి తప్ప కెర్నెల్ జ్ఞాపకాన్ని తగ్గించవు, డీమెసేజ్ కొట్టి చూస్తే అంతా అక్కడే ఉంటుంది. అదే డాక్యుమెంటేషన్‌లో ఇంకో వాక్యం ఇంతకంటే ముఖ్యమైనది. కిక్‌స్టార్ట్ లాగింగ్ ఆజ్ఞ ఇన్‌స్టలేషన్ జరుగుతున్నంతసేపూ అనకొండ అనే ఇన్‌స్టాలర్ లాగ్‌లకే, ఇన్‌స్టాల్ అయిన సిస్టమ్ మీద దాని ప్రభావం ఏమీ ఉండదు. ఓఎస్ వేసిన తర్వాత అరవై కంప్యూటర్లూ రోజూ తమ లాగ్‌లను సర్వరుకు పంపుతాయని ఆశపడి ఈ ఆజ్ఞ రాసినవాళ్లు, మేస్త్రీకి చెప్పిన మాటను ఇంటి యజమానికి చెప్పాననుకున్నట్టే. యజమానికి చెప్పాలంటే కొత్త సిస్టమ్‌లో లాగ్‌లు చూసుకునే ఆర్‌సిస్లాగ్ ప్రోగ్రాము సెట్టింగుల ఫైలులో విడిగా రాయాలి.

అసలు ఆ లాగ్ ఎక్కడుంది అన్న ప్రశ్నకు ఇన్‌స్టలేషన్‌లో జవాబు గంటకోసారి మారుతుంది. అనకొండ తన నోట్‌బుక్కులను ముందు టెంప్ డైరెక్టరీలో రాసుకుంటుంది. అనకొండ, స్టోరేజ్, ప్యాకేజింగ్, ప్రోగ్రామ్, సిస్లాగ్ అని విడివిడిగా ఉంటాయవి. ఆ డైరెక్టరీ ఉన్నది డిస్కు మీద కాదు, మెమరీలో. పని సవ్యంగా ముగిస్తేనే వాటిని కొత్త సిస్టమ్‌లోని వార్‌లాగ్ కింద అనకొండ పేరుతో ఉన్న డైరెక్టరీకి కాపీ చేస్తుంది. డెబియన్ కూడా అంతే, ముగింపులో ఇన్‌స్టాలర్ అనే డైరెక్టరీకి చేరుస్తుంది. అంటే విజయం సాధించిన కంప్యూటర్ల కథ భద్రంగా ఉంటుంది, ఓడిపోయినదాని కథ కరెంటు తీసిన క్షణాన ఆవిరైపోతుంది. మనకు కావలసింది ఓడిపోయిన ఆ మూడింటి కథ! ల్యాబులో ఆగిపోయిన మిషన్‌ను చూడగానే పవర్ బటన్ నొక్కి మళ్లీ మొదలుపెట్టే అలవాటు ఎంత ఖరీదైనదో ఇక్కడ తెలుస్తుంది. విండోస్‌లో ఎక్స్ అనే డ్రైవ్ ఇలాంటి మెమరీ డిస్కే. మైక్రోసాఫ్ట్ కాన్ఫిగరేషన్ మేనేజర్ నడిపే టాస్క్ సీక్వెన్స్ లాగ్ ముందు ఎక్స్ డ్రైవ్‌లో పుట్టి, డిస్కు ఫార్మాట్ అయ్యాక సీ డ్రైవ్‌లో తాత్కాలిక ఫోల్డరుకు మారి, క్లయింట్ ప్రోగ్రాము కూర్చున్నాక దాని లాగ్స్ ఫోల్డరుకు చేరుతుంది. ఫైలు పేరు ఒకటే, ఇళ్లు మూడు నాలుగు. పైగా ఎంత పెద్దదాకా పెరగనివ్వాలి అన్న సెట్టింగ్‌ను మొదటి దశలో బూట్ ఇమేజ్‌లోని ఒక చిన్న ఫైలు నుంచి చదువుతారు, తర్వాతి దశలో క్లయింట్‌ను ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఇచ్చిన విలువల నుంచి. క్లయింట్ లాగ్‌కు మామూలు పరిమితి 2,50,000 బైట్లు, పాత ప్రతి ఒక్కటి మాత్రమే దాచుతుంది. ఒక్కచోట పెంచి రెండోచోట మరచిపోతే, గంటల తరబడి సాగే ఇన్‌స్టలేషన్‌లో మొదటి అంకమంతా తుడిచిపెట్టుకుపోయి ఆఖరి అంకం మాత్రమే మిగులుతుంది. సెట్టింగ్ సగం తీసుకున్నట్టు అనిపించేది అందుకే.

ఒకే చోటుకు రెండు చిరునామాలు ఉండటం మెట్టవాళ్లకు వింత కాదు. 2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లా ఏర్పడింది. నందిగామ ఉన్నచోటే ఉంది, కవరు మీద రాసే జిల్లా పేరు మారింది. కిక్‌స్టార్ట్‌లో ఇన్‌స్టలేషన్ ముగింపున నడిచే పోస్ట్ అనే భాగానికి కూడా ఇలాంటి చిక్కే ఉంది. ఆ భాగం మామూలుగా కొత్త సిస్టమ్ గోడల లోపల నడుస్తుంది, అక్కడ రూట్ డైరెక్టరీలో లాగ్ రాయమంటే కొత్త సిస్టమ్ రూట్ డైరెక్టరీలోనే రాస్తుంది. నోక్రూట్ అని ఒక మాట చేరిస్తే అదే భాగం గోడల బయట, ఇన్‌స్టాలర్ లోకంలో నడుస్తుంది. అప్పుడు అదే చిరునామా ఇన్‌స్టాలర్‌ సొంత రూట్ డైరెక్టరీని చూపిస్తుంది, అది మెమరీలో ఉంటుంది, రీబూట్‌తో పోతుంది. బయటి నుంచి రాసేటప్పుడు కొత్త డిస్కును తగిలించిన సిస్‌ఇమేజ్ దారి ముందు చేర్చి రాయాలి. స్క్రిప్టు నడిచింది, లాగ్ రాసింది, ఎర్రర్ లేదు. ఫైలు మాత్రం ఎక్కడా లేదు. ఈ ఒక్క పొరపాటుకు జనం పోగొట్టుకున్న సాయంత్రాలు తక్కువేమీ కాదనుకుంటాను.

నెట్‌వర్క్ మీదుగా పంపడం దీనికి సరైన విరుగుడు. మెమరీ పోయినా సర్వరు దగ్గర నకలు ఉంటుంది. కానీ ఇక్కడ ఇంకో జత షట్టర్లున్నాయి. సిస్లాగ్‌ను 1980లలో బర్క్‌లీలో ఎరిక్ ఆల్‌మన్ తన సెండ్‌మెయిల్ ప్రోగ్రాము కోసం రాసుకున్నాడు. అది ఎంతగా పాకిపోయిందంటే, ఎలా వాడుతున్నారో చూసి కాగితం మీద పెట్టిన ఆర్‌ఎఫ్‌సీ 3164 వచ్చేసరికి 2001 అయింది. ఆ సంప్రదాయంలో లాగ్ వరుసలు యూడీపీ పద్ధతిలో 514 పోర్టుకు పోతాయి. యూడీపీ అంటే రసీదు లేని ఉత్తరం. చేరిందా లేదా పంపినవాడికి తెలియదు, తెలుసుకోవాలని కూడా ఉండదు. డెబియన్ ఇన్‌స్టాలరులో ఉండే బిజీబాక్స్ సిస్లాగ్ ఇలాగే పంపుతుంది. రెడ్‌హ్యాట్ 8 డాక్యుమెంటేషన్ మాత్రం కిక్‌స్టార్ట్ లాగింగ్ టీసీపీ మీదనే నడుస్తుందని చెబుతుంది, పోర్టు నంబరు అదే 514. ఇటు సర్వరు వైపు ఆర్‌సిస్లాగ్ ఫైలులో బయటి నుంచి వచ్చే లాగ్‌లను తీసుకునే వరుసలు, యూడీపీవైనా టీసీపీవైనా, మొదట్లో కామెంట్ గుర్తు వెనక నిద్రపోతూ ఉంటాయి. యూడీపీ వరుసను లేపి, ఫైర్‌వాల్‌లో యూడీపీ 514 తెరిచి, అంతా సిద్ధమనుకున్న సర్వరుకు డెబియన్ మిషన్ల లాగ్ వస్తుంది, రెడ్‌హ్యాట్ మిషన్లది రాదు. అప్పుడు కిక్‌స్టార్ట్ ఫైలును ఎన్నిసార్లు దిద్దినా ఉపయోగం లేదు, తలుపు ఇటువైపు వేసి ఉంది.

చేరినా కనపడని లాగ్‌లు కూడా ఉంటాయి. ఇన్‌స్టాలర్ గడియారం యూటీసీలో నడిచి, సర్వరు మన కాలంలో నడిస్తే, ఉదయం పది గంటలకు జరిగిన ఇన్‌స్టలేషన్ వరుసల మీద 4:30 అని ఉంటుంది. పది గంటల దగ్గర వెతికినవాడికి ఖాళీ. సర్వరు ఒక్కో కంప్యూటరు పేరున ఒక్కో ఫైలు తెరిచేలా పెట్టి ఉంటే, ఇంకా పేరు పెట్టని మిషన్ లోకల్‌హోస్ట్ అని చెప్పుకుంటుంది, అరవైమంది లోకల్‌హోస్టులు ఒకే ఫైలులో కలగాపులగమవుతారు. ల్యాబ్-17 అన్న ఫైలు కోసం వెతికేవాడికి అది ఎప్పటికీ దొరకదు.

ఇదంతా విన్నాక ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. ప్రతిదానికీ రాసినవాడిదే తప్పంటే, సాఫ్ట్‌వేర్‌లో లోపాలే ఉండవా? ఉంటాయి. చెప్పిన చోట, చెప్పిన వేళకు, సరైన అర్థంతో ఇచ్చిన సెట్టింగ్‌ను కూడా ఇన్‌స్టాలర్ జారవిడిచిన సందర్భాలు ఉంటాయి, వాటిని తయారుచేసినవాళ్లకు రిపోర్టు చేయడం తప్ప దారి లేదు. నేనంటున్నది అనుమానాల వరుస గురించి. చీటీ చేతికి అందిందని రుజువు చూపకుండా వేసిన లోపం ఫిర్యాదు నిలబడదు, అందిందని చూపగలిగితే ఆ ఫిర్యాదుకు తిరుగుండదు. రుజువు చూపడం కష్టం కూడా కాదు. లినక్స్ ఇన్‌స్టాలర్ నడుస్తుండగా ఆల్ట్‌తో ఎఫ్2 నొక్కితే డెబియన్‌లో షెల్ వస్తుంది, ఎఫ్4 నొక్కితే లాగ్ కనిపిస్తుంది. అక్కడ ప్రాక్ కింద సీఎండీలైన్ అనే ఫైలును చదివితే కెర్నెల్‌కు నిజంగా అందిన వరుస ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. బూట్ మెనూలో మనం రాసింది అందులో లేకపోతే వెతుకులాట అక్కడికక్కడే ముగిసింది, ఇన్‌స్టాలర్ దాకా రానక్కర్లేదు. ఉండి కూడా పని చేయకపోతే స్పెల్లింగు చూడాలి. రెడ్‌హ్యాట్ 9 నుంచి బూట్ వరుసలో ఇన్‌స్టాలర్ మాటలకు ముందు ఇన్‌స్ట్ అన్న అంటుముక్క తప్పనిసరి అయింది. 7, 8 వెర్షన్లలో అది లేకుండా నడిచిన సిస్లాగ్ అన్న మాట 9లో ఎవరికీ చెందని మాట. కెర్నెల్ తనకు తెలియని మాటను తప్పుపట్టదు, కిందివాళ్లకు అందించి ఊరుకుంటుంది. కిందివాళ్లూ తమది కాదనుకుంటారు. 5.14 వెర్షన్ నుంచి కెర్నెల్ తనకు తెలియని మాటల జాబితాను ఒక వరుసలో రాస్తోంది, ఎన్నాళ్లకో వచ్చిన మంచి అలవాటు.

మరి ఇన్‌స్టాలర్లన్నీ ఇలా ముందే హెచ్చరించవచ్చు కదా అనేవాళ్లతో నాకు సగం ఏకీభావం ఉంది. ఒక సెట్టింగ్ దశ దాటి వచ్చిందని తెలిసినప్పుడు ఆ మాట పైకి అనడం సాఫ్ట్‌వేర్ మర్యాద. కానీ హెచ్చరిక చేయాల్సినవాడు చీటీని చూస్తేనే హెచ్చరించగలడు. కిక్‌స్టార్ట్ ఫైలును తేవడమే విఫలమైతే, లాగ్‌ను ఎక్కడికి పంపాలో చెప్పే వరుస కూడా ఆ ఫైలుతోపాటే అందలేదు. ఏ వ్యవస్థా తనకు అందని ఉత్తరంలో ఏముందో చెప్పలేదు. అందుకే నెట్‌వర్క్ రాకముందు పోయే మిషన్లకు కిక్‌స్టార్ట్ లోపలి లాగింగ్ ఆజ్ఞ ఎప్పటికీ సాయపడదు, బూట్ వరుసలో ఇచ్చినదే కొంత మేలు. కిక్‌స్టార్ట్‌ను ముందే పరీక్షించే కేఎస్‌వ్యాలిడేటర్ అనే పనిముట్టు ఉంది, వాడాలి కూడా. అయితే అది వ్యాకరణం చూస్తుంది, వేళాపాళా చూడదు. వాక్యం సరిగా ఉందంటుంది, ఆ వాక్యం ఎవరికి చెబుతున్నావో అడగదు.

ఇంత తల నొప్పెందుకు, అన్నిటికీ డీబగ్ పెట్టేస్తే పోలా అనేది ఇంకో వాదన. దీనికి నా జవాబు కాస్త కటువుగా ఉంటుంది. లాగింగ్‌లో ఎంత రాయాలి, ఎక్కడ రాయాలి, ఎంతకాలం ఉంచాలి అన్నవి మూడు వేరు వేరు మీటలు. డీబగ్ మొదటి మీటను మాత్రమే తిప్పుతుంది. ఎక్కడ అన్నది తప్పయితే ఎంత ఎక్కువ రాసినా ఆ ఎక్కువంతా ఆవిరే. ఎంతకాలం అన్నది చిన్నదైతే డీబగ్ వల్ల నష్టం పెరుగుతుంది, వరుసల వరదలో మొదటి పేజీలు తొందరగా కొట్టుకుపోతాయి. అరవై మిషన్లు ఒకేసారి యూడీపీ మీద డీబగ్ కురిపిస్తే కొన్ని వరుసలు దారిలోనే రాలిపోయే అవకాశం ఉంది, రాలినట్టు ఎవరికీ తెలియదు. సిస్టమ్‌డీ జర్నల్ కూడా ఒక సర్వీసు 30 సెకన్లలో 10,000 వరుసలు దాటితే మిగతావి వదిలేసేలా డిఫాల్ట్‌గానే కట్టడి పెట్టుకుంది. ఇవన్నీ పక్కన పెట్టినా, డీబగ్ వరుసల్లోకి పాస్‌వర్డులు జారే ప్రమాదం ఉంది. గుప్తీకరణ లేకుండా నెట్‌వర్క్ మీద పోయే లాగ్‌లో అది ఊరి బోర్డు మీద రాసినట్టే.

ఆగినవి మూడేగా, మళ్లీ ఓఎస్ వేస్తే వచ్చేస్తాయి, లాగ్‌లతో పనేమిటి అనేవాళ్లు ల్యాబుల్లో చాలామంది ఉంటారు, వాళ్ల తొందర నాకు అర్థమవుతుంది. రెండోసారికి వచ్చేస్తే సంతోషమే. కానీ డిస్కు పాడవుతూ ఉండటం వల్ల ఆగిన మిషన్ రెండోసారి వచ్చి, పరీక్ష రోజున మూడోసారి పోతుంది. మొదటిసారి ఆగినప్పుడు స్టోరేజ్ లాగ్‌లో ఉన్న రీడ్ ఎర్రర్ ఎవరైనా చూసి ఉంటే ఆ డిస్కు అప్పుడే మారేది. దీనికంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేవి ఆగకుండా వచ్చిన ఆ యాభై ఏడు. వాటిలో ఒకదానికి పోస్ట్ భాగం సగంలో తప్పి, ప్రింటర్ డ్రైవరో టైమ్ సర్వరో పడకుండా మిగిలి ఉండవచ్చు. తెర మీద ఇన్‌స్టలేషన్ పూర్తయిందనే ఉంటుంది. ఆ పోస్ట్ లాగ్ సరైన చిరునామాకు చేరి ఉంటేనే ఆ లోటు దసరా లోపల బయటపడుతుంది.

కాబట్టి ఒక్క మిషన్‌తో మొదలుపెట్టడం మేలు, అరవైతో కాదు. ఆగిపోయినదాన్ని ఆగినచోటే ఉంచి, పవర్ బటన్ జోలికి పోకుండా, చివరి మడి నుంచి పైకి నడిచే రైతులాగా వెనక్కు నడవాలి. సర్వరు దగ్గర నెట్‌వర్క్ రాకపోకలను చూపే టీసీపీడంప్ పెట్టి 514 మీద ఏమైనా వస్తోందో చూడాలి. వస్తుంటే లోపం సర్వరు ఫైళ్లలోనో ఫైర్‌వాల్‌లోనో ఉంది, రాకపోతే దారిలోనో మిషన్‌లోనో ఉంది. మిషన్ షెల్‌లో లాగర్ అనే ఆజ్ఞతో ఒక పిచ్చి మాట, మిరపకాయ అనో పత్తి అనో, పంపి చూడాలి. ఆ మాట స్థానిక లాగ్‌లో పడి సర్వరుకు రాకపోతే నెట్‌వర్క్ షట్టరు దించి ఉంది, లేదా సర్వరుకు పంపమన్న మాట ఆ ప్రోగ్రాముకు అందలేదు. స్థానిక లాగ్‌లోనే పడకపోతే లాగ్ రాసే ప్రోగ్రామే లేవలేదు. రెండుచోట్లా పడితే సెట్టింగ్ ఇప్పుడు పని చేస్తోందని, మనకు కావలసిన వరుసలు అది లేవకముందే రాలిపోయాయని తేలుతుంది, అప్పుడు దాన్ని బూట్ వరుసలోకి ముందుకు జరపాలి. ఇంకా ముందు, కెర్నెల్ లేస్తున్నప్పుడే పోయే మిషన్లకు నెట్‌కన్సోల్ అనే కెర్నెల్ మాడ్యూల్ ఉంది. నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ లేవగానే కెర్నెల్ మాటలను యూడీపీ మీద బయటికి విసురుతుంది, సర్వరు వైపు 6666 పోర్టులో వింటూ ఉంటే చాలు. అదీ లేవనంత ముందే తెర నల్లబడితే, ఆ నల్లబడే ముందు రెండు సెకన్లు మెరిసిన వరుసలను సెల్‌ఫోన్‌తో వీడియో తీసి, ఆపి ఆపి చదువుకోవడమే.